వేప చౌకట్లకు చెద పట్టింది, తొమ్మిది కిటికీలు మార్చాలి: యూపీవీసీయా, అల్యూమినియమా, మళ్ళీ చెక్కేనా?

బురుజు_నీడ (కర్నూలు)
జనవరి 6, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, సి.క్యాంపు వైపు. నాన్న 1993లో కట్టించిన ఇల్లు, పైన ఒక్క గది, మిగతాదంతా కిందే. మొత్తం తొమ్మిది కిటికీలు. అన్నీ వేపచెక్క చౌకట్లు, అడ్డంగా ఇనుప కమ్మీలు, టేకు రెక్కలు. పండక్కి రంగులు వేయిద్దామని గీకిస్తుంటే పెయింటరు నన్ను పిలిచి హాలు కిటికీ చూపించాడు. కింది పట్టెలో స్క్రూడ్రైవరు పెట్టి కొంచెం నొక్కాడంతే, పిడి దాకా దిగిపోయింది. ముప్పై ఏళ్ళుగా వేసిన రంగు పొరలే నిలబడి ఉన్నాయి, లోపల చెక్క లేదు, మట్టి ఉంది.

ఇంక ఎట్లాగూ మార్చాలి కదా అని తొమ్మిదింటికీ ముగ్గురిని పిలిపించాను. యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీల ఆయన, అల్యూమినియం వేస్తే ఇల్లు పెనంలా కాలుతుందన్నాడు. అల్యూమినియం ఆయన మన ఎండకు ప్లాస్టిక్ వంగిపోతుందన్నాడు. వడ్లాయన ఆ రెండూ రేకులే, చెక్క చెక్కే అన్నాడు. ముగ్గురూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, సగం అడ్వాన్సు ముందే ఇవ్వాలని. మీలో ఎవరైనా మార్పించి రెండు మూడు ఎండాకాలాలు చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. కొత్తగా వేయించి బాగుందనేవాళ్ళ మాట కన్నా అది కావాలి నాకు.


సోమవారం_సంత (కడప)
జనవరి 6, రాత్రి 10:40

కళ్ళు మూసుకుని యూపీవీసీ వేయించు అన్నా. రంగు ఖర్చు లేదు, చెద లేదు. అయిపోయె.


ఎర్రమన్ను (అనంతపురం జిల్లా)
జనవరి 6, రాత్రి 11:05

కళ్ళు మూసుకుని వేయించే మా బావమరిది కళ్ళు తెరిచేసరికి తెల్లటి కిటికీలు పాత కంప్యూటరు రంగుకు వచ్చాయి, నాలుగేళ్ళలో. ప్లాస్టిక్ ప్లాస్టికే సామీ. మే నెలలో మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకు పైపు పట్టుకుంటే వంగుతుంది, కిటికీ వంగదా?


రిటైర్డు_సైటు (అనంతపురం)
జనవరి 7, ఉదయం 6:20

ట్యాంకు పైపునూ కిటికీ సెక్షన్‌నూ (చౌకట్టు, రెక్కలు చేసే బోలు పట్టె) ఒక గాట కట్టకండి. కిటికీకి వాడేది మెత్తదనం కోసం నూనెలు కలపని గట్టి పీవీసీ. అది మెత్తబడటం మొదలయ్యేది 75, 80 డిగ్రీల దగ్గర. గాలి 44 ఉన్న రోజు ఎండకు కాగే తెల్ల సెక్షన్ అంత దాకా పోదు. ముదురు రంగుదైతే ఎండ ఎక్కువ తాగుతుంది, అందుకే పడమటి గోడకు చెక్క రంగు రేకు అంటించిన యూపీవీసీ వద్దంటాను నేను. పచ్చబడిపోవడం వేరే సంగతి. ఎండ తట్టుకోవడానికి అందులో టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, చవక సెక్షన్‌లో అదే తగ్గిస్తారు.

వంగడం కన్నా సాగడం చూసుకోవాలి. అయిదడుగుల పీవీసీ సెక్షన్ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే అల్యూమినియం ఒకటిన్నర లోపే. లోపల ఇనుము ఉంటే కొంత ఆగుతుంది. గోడకు బిర్రుగా దిగ్గొట్టి సిమెంటు పూసేస్తే పెరగడానికి చోటేది? అప్పుడు రెక్క ఇరుక్కుంటుంది, జనం ఎండకు వంగిందంటారు.

ఇంతకీ బాబూ, తొమ్మిదింటిలో చెద పట్టినవి ఎన్ని? ఏ దిక్కువి? అది చెప్పకుండా మెటీరియల్ అడుగుతున్నావు.


బురుజు_నీడ
జనవరి 7, ఉదయం 8:15

సార్, నేను చూసింది హాలు కిటికీ ఒక్కటే. మిగతావి పొడిచి చూడలేదు. ఒకటి పోయిందంటే అన్నీ పోయినట్టే కదా అనుకున్నాను.


రిటైర్డు_సైటు
జనవరి 7, ఉదయం 8:22

పొడిచి చూడు ముందు.


వడ్లాయన_కొడుకు (ప్రొద్దుటూరు)
జనవరి 7, ఉదయం 9:50

మా నాయన నలభై ఏళ్ళు ఇదే పని చేశాడు, నేను చేయలేదు, కాబట్టి నా మాటల్లో సగం ఆయనవే. వేప చేదు కాబట్టి చెద పట్టదని మన దగ్గర ఒక నమ్మకం. చెదకు ఆ నమ్మకం లేదు. చేవ ఉన్న వేప బాగానే నిలబడుతుంది, పైనుండే తెల్లచెక్కను మాత్రం తినేస్తుంది. ఇంటికి సొంత చెట్టు కొట్టి, మూణ్ణెల్లు కూడా ఆరబెట్టకుండా చౌకట్లు చేయిస్తారు, అందులో తెల్లచెక్క తీసేస్తే కొలతకు చాలదని అట్లనే వదిలేస్తారు. టేకు అయినా అంతే, తెల్లచెక్క ఉంటే టేకు పేరు కాపాడదు.

అన్నా, నీ రెక్కలు టేకువి అన్నావు కదా. 93 నాటివైతే ఇప్పుడు డబ్బు పెట్టినా అట్లాంటి చెక్క దొరకడం కష్టం. అవి పాత సామాన్ల వాడికి అమ్మొద్దు. గీకించి, మడతబందులు మార్చి, లిన్‌సీడ్ (అవిసె) నూనె పట్టిస్తే ఇంకో ఇరవై ఏళ్ళు. పోయింది కింది పట్టె ఒక్కటే అయితే, నిలువు పట్టెలు గట్టిగా ఉంటే, ఆ పట్టె వరకే కోసి కొత్తది అతకొచ్చు. పని తెలిసిన వడ్లాయనకు ఒక పూట పని. కానీ దొరకడం లేదు, అందరూ డోర్ల ఫ్యాక్టరీలకు పోయారు, మేము కూడా.


తాడిపత్రి_కోడలు (తాడిపత్రి)
జనవరి 7, మధ్యాహ్నం 2:30

మూడు ఎండాకాలాలు చూసినవాళ్ళు కావాలన్నారుగా, నేను అయిదు చూశాను. మాది యూపీవీసీ, తెల్లది, అన్నీ స్లైడింగే. ప్లాస్టిక్కుకు ఏమీ కాలేదు, నాకే అయ్యింది.

మొదటిది గాలి. స్లైడింగ్ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. ఏప్రిల్‌లో రాత్రి కరెంటు పోతే పాత ఇంట్లో రెండు రెక్కలూ బార్లా తీసి పడుకునేవాళ్ళం, ఇక్కడ సగం కిటికీకి ఎప్పుడూ అద్దం అడ్డమే. దోమతెర ట్రాక్ కూడా పెట్టించాం కాబట్టి వచ్చే ఆ సగం గాలి కూడా జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. రెండోది దుమ్ము. మా వైపు బండల పాలిషింగ్ పొడి ఎట్లా ఉంటుందో తెలిసిందే, కింది ట్రాకులో చేరి వారానికొకసారి పాత టూత్‌బ్రష్షుతో తీయాలి. నీళ్ళు బయటికి పోవడానికి ట్రాకుకు చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మూసుకుపోయి ఒక అక్టోబరు వానలో నీళ్ళు పరుపు మీదికి వచ్చాయి. వాన తక్కువ ఊరు కదా అని ఆ రంధ్రాల సంగతే మర్చిపోయాం, అసలు తప్పు అది.

మూడోది చెప్తే నవ్వుతారు. సెక్షన్ మీద అంటించి వచ్చే పల్చటి కవరు ఉంటుంది కదా, గృహప్రవేశం దాకా కొత్తగా ఉండాలని మా మామగారు తీయనివ్వలేదు. ఎనిమిది నెలలు. ఆ ఎండకు అది ఉడికి అతుక్కుపోయింది, గోళ్ళు అరిగాయి, ఇంకా అక్కడక్కడా ఉంది. బిగించి, పూత పని అయిపోయిన వారంలో తీసేయండి.

మళ్ళీ వేయించాల్సి వస్తే యూపీవీసీయే వేయిస్తాను, కానీ స్లైడింగ్ కాదు, రెక్కలది. దాన్నేమంటారో తెలీదు, తలుపులా బయటికి తెరుచుకునేది.


సోమవారం_సంత
జనవరి 7, మధ్యాహ్నం 3:10

కేస్‌మెంట్ అంటారక్కా. మా మామ అయితే నేను తీసేసేవాణ్ణి కవరు 😄


తాడిపత్రి_కోడలు
జనవరి 7, మధ్యాహ్నం 3:12

మీరు అల్లుడు తమ్ముడూ, మీకు నడుస్తుంది.


పెన్నా_ఫ్యాబ్ (కడప)
జనవరి 7, రాత్రి 9:15

నేను అల్యూమినియం, యూపీవీసీ రెండూ చేస్తాను, కాబట్టి ఒకదాన్ని తిట్టి ఇంకొకటి అమ్మే అవసరం లేదు. మా పనిలో ఎక్కడ కోత పడుతుందో చెప్తా, అది తెలిస్తే ఏది వేయించినా మోసపోరు.

యూపీవీసీలో కోత పడేది ఇనుములో. సెక్షన్ లోపల గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ పెట్టాలి, చౌకట్టుకూ రెక్కకూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా. చాలామంది రెక్కకు మాత్రమే పెడతారు, ఇంకొందరు గొళ్ళెం వచ్చే దగ్గర జానెడు ముక్క పెట్టి మూసేస్తారు. మూలలు వెల్డింగ్ చేశాక లోపల ఏముందో బ్రహ్మకు కూడా తెలీదు. అందుకే ఆర్డరు ఇచ్చే ముందు వర్క్‌షాపుకు పోయి కోస్తున్నప్పుడు చూడాలి, లేదా చిన్న అయస్కాంతం తీసుకుపోయి సెక్షన్ పొడవునా జరిపి చూడాలి. అంటుకుంటూ పోయి మధ్యలో జారిందంటే అక్కడ ఏమీ లేదు. బయటి గోడ మందం ముక్క కోయించి కొలవండి. యూరప్ లెక్కలో 'ఎ' క్లాసుకు 2.8 మిల్లీమీటర్లు, 'బి' క్లాసుకు 2.5. మార్కెట్లో అంతకన్నా పల్చనివి బోలెడు తిరుగుతున్నాయి, రేటు తేడా అంతా అక్కడే.

అల్యూమినియంలో కోత పడేది మందంలో, పూతలో. చదరపు అడుగు రేటు చెప్తారు కానీ మీటరుకు ఎన్ని కిలోలు వస్తుందో చెప్పరు. అడగండి. పౌడర్ కోటింగ్ 60 మైక్రాన్లు తగ్గకూడదు, పూత మందం కొలిచే మీటరు పెట్టి చూపించమంటే చూపించాలి. ఇంకో సంగతి, తడి సిమెంటు అల్యూమినియాన్ని తింటుంది. పూత పని చేసే బేల్దారి చేయి తుడుచుకున్న చోటల్లా బూడిద మచ్చ పడుతుంది, మళ్ళీ పోదు.

వేడి సంగతి. పీవీసీ కన్నా అల్యూమినియం దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ వేడిని లాగుతుంది, అది నిజమే, మధ్యాహ్నం చౌకట్టు మీద చేయి పెడితే తెలుస్తుంది. అయితే కిటికీలో ఎక్కువ భాగం అద్దమే కదా. చౌకట్టు వల్ల ఇల్లు పెనం అయ్యేట్టుంటే ఆ అద్దం వల్ల పొయ్యి కావాలి. అద్దం సంగతి ఎవరూ మాట్లాడటం లేదు చూశారా.


ఎర్రమన్ను
జనవరి 7, రాత్రి 9:48

అన్నా, రెండూ చేస్తానన్నావు, నీ సొంత ఇంటికి ఏం వేసుకున్నావు?


పెన్నా_ఫ్యాబ్
జనవరి 7, రాత్రి 10:02

అడుగుతారనుకున్నా. ముందు వైపు పెద్దది అల్యూమినియం స్లైడింగ్, ఎనిమిదడుగులు, అంత వెడల్పుకు యూపీవీసీ బరువైపోతుంది, మధ్యలో లావుపాటి నిలువులు వస్తాయి. పడకగదులు యూపీవీసీ కేస్‌మెంట్. అమ్మ ఉండే గది పాత చెక్కదే, ముట్టుకోనివ్వలేదు.


నల్లబండ (జమ్మలమడుగు)
జనవరి 8, ఉదయం 7:30

అందరూ ఫ్యాక్టరీ సరుకు మీదే పడ్డారు. మా జేజినాయన కట్టించిన మిద్దెలో చౌకట్లు నాపరాతివి, నాలుగు బండలు నిలబెట్టి గాడి కొట్టి కూర్చోబెట్టినవే. చెద ఏం తింటుంది అందులో? కడప బండ మన కాళ్ళ కిందనే ఉంటే టైటానియం డయాక్సైడ్లు మనకెందుకు?


పెన్నా_ఫ్యాబ్
జనవరి 8, ఉదయం 7:55

బండ మంచిదే పెద్దాయనా, దానికి రెక్క బిగించడమే కష్టం. అంచు దగ్గర డ్రిల్ పెడితే పొరలు పొరలుగా లేస్తుంది. మీ పాత ఇంట్లో మడతబందులకు చెక్క దిమ్మెలు కూర్చోబెట్టి ఉంటారు చూడండి.


నల్లబండ
జనవరి 8, ఉదయం 8:40

పోయి చూసొచ్చా. ఉన్నాయి దిమ్మెలు. వాటిలో రెండింటికి చెద.


రిటైర్డు_సైటు
జనవరి 8, ఉదయం 9:05

చౌకట్టుకు బండ వద్దు, కిటికీ అడుగున మాత్రం బండే వేయాలి. వెలుపలికి వాలు పెట్టి, గోడ దాటి రెండంగుళాలు బయటికి వచ్చేట్టు, ఆ బయటి అంచు కింద సన్నటి గాడి కొట్టించాలి. ఆ గాడి లేకపోతే వాననీళ్ళు బండ అడుగు పట్టుకుని వెనక్కి పాకి గోడలోకి దిగుతాయి. కింది పట్టెలే ముందు కుళ్ళడానికి సగం కారణం ఇదే. ఏ మెటీరియల్ కొన్నా ఈ గాడి కొట్టేవాడు కొట్టడు, పక్కన నిలబడి కొట్టించుకోవాలి.


తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు వన్ టౌన్)
జనవరి 8, రాత్రి 8:20

మాది కింద వైపు, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా మీదికి వచ్చాయి. నీళ్ళు తీశాక ఇంట్లో ఏది మిగిలిందో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఫ్లష్ డోర్లు అప్పడాల్లా పొంగి పొరలు విడిపోయాయి. టేకు చౌకట్లు నెల రోజులు ఉబ్బి ఉండి, ఎండకు మళ్ళీ వాటంతట అవే సర్దుకున్నాయి. వెనక గదిలో ఇనుప జెడ్ సెక్షన్ కిటికీలు ఆ రోజు ఏమీ కానట్టే నిలబడ్డాయి కానీ, మూలల్లో బురద దిగి తర్వాత నాలుగైదేళ్ళకు కింది నుంచి తుప్పు పట్టి రాలిపోయాయి. సి.క్యాంపు ఎత్తులో ఉంది కాబట్టి మీకు ఈ భయం లేదులే. మా వీధిలో ఇప్పుడు మార్పించేవాళ్ళందరూ యూపీవీసీయే, ఆ రోజు గుర్తుండే వాళ్ళు ఇంకేం వేయిస్తారు.

ఇంకొకటి. మా పక్కింటాయన యూపీవీసీ వేయించి పాత కమ్మీలు తీసేయించాడు, ఇల్లు చక్కగా కనపడాలని. ప్లాస్టిక్ చౌకట్టుకు కమ్మీలు గుచ్చడానికి కుదరదు కదా, గ్రిల్లు గోడకు విడిగా బిగించాలి, ఆ డబ్బు కొటేషన్‌లో లేదు. ఆర్నెల్లలో దొంగలు పడ్డారు. ఇప్పుడు గ్రిల్లు ఉంది.


బురుజు_నీడ
జనవరి 10, సాయంత్రం 6:45

సార్ చెప్పినట్టు తొమ్మిదీ పొడిచి చూశాను, పొడిచిన చోటల్లా పుట్టీ పెట్టలేక నాన్న దగ్గర తిట్లు కూడా తిన్నాను. పూర్తిగా పోయినవి మూడు. హాలుది, దాని పక్క పడకగదిది, బాత్రూమ్ వెంటిలేటరు పక్కది. మూడూ ఉత్తరం గోడవే. మిగతా ఆరు టంగుమంటున్నాయి, ఎక్కడా గుల్ల లేదు.


రిటైర్డు_సైటు
జనవరి 10, సాయంత్రం 7:00

ఆ గోడ బయట ఏముంది?


బురుజు_నీడ
జనవరి 10, సాయంత్రం 7:08

నీళ్ళ సంపు. దాని పక్కన అమ్మ పూలకుండీలు, గోడకు ఆనించి.


రిటైర్డు_సైటు
జనవరి 10, సాయంత్రం 7:30

ఇప్పుడు దారికి వచ్చాం. చెద కిటికీలో పుట్టదు, నేలలోంచి తేమగా ఉన్న గోడ పట్టుకుని పైకి వస్తుంది, దారిలో చెక్క దొరికితే ఆగుతుంది. నువ్వు ఆ మూడూ ప్లాస్టిక్ చేసేస్తే కిటికీలు బతుకుతాయి, చెద పక్కనున్న బీరువా అలమరకు పోతుంది. ముందు సంపు కారుతోందేమో చూసుకో: రాత్రి నీళ్ళ మట్టానికి గీత పెట్టి, మోటారు వేయకుండా పొద్దున చూస్తే తెలుస్తుంది. కుండీలు రెండడుగులు ఇవతలికి జరపండి. గోడ వారన మందు కొట్టించాక కిటికీలు పెట్టండి, తర్వాత కాదు. ఆరు మంచి కిటికీలను ఎందుకు పీకడం?


ఎర్రమన్ను
జనవరి 10, రాత్రి 8:15

తొమ్మిదింటికి కొటేషన్ ఇచ్చిన ముగ్గురిలో ఒక్కడు కూడా పొడిచి చూడలేదన్నమాట.


బురుజు_నీడ
జనవరి 12, రాత్రి 10:30

సంపు కారుతోంది, ఒక్క రాత్రికి నాలుగు వేళ్ళ లోతు దిగింది. ఇన్నాళ్ళూ కింద అద్దెకున్న వాళ్ళు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారని అమ్మ అంటూ ఉండేది, పాపం వాళ్ళు.

మూడు కిటికీలూ యూపీవీసీ కేస్‌మెంట్, తెల్లవి. అద్దం 5 మిల్లీమీటర్లు. గ్రిల్లు లోపలి వైపు గోడకు విడిగా, రెక్క తీసి వేయడానికి చేయి పట్టేట్టు. చెక్కే వేయిద్దామని రెండు రోజులు ఊగాను, కానీ తేమ గోడ కాబట్టి మళ్ళీ రిస్కు వద్దనుకున్నా. మిగతా ఆరింటికి గీకించి నూనె. పైన పడమటి గదికి సజ్జ అడుగే ఉంది, సాయంత్రం నాలుగు నుంచి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. దానికి అల్యూమినియం వేస్తే వేడి, యూపీవీసీ వేస్తే చల్లన అని అందరూ అన్నారు. చివరికి బయట వెదురు తెర కట్టించాను, ఆ ఒక్క దాంతోనే గది మారిపోయింది.

గొడవ ఒకటి మిగిలింది. హాలు కిటికీ కమ్మీలు తీసేస్తామంటే అవ్వ ఒప్పుకోవడం లేదు. సాయంత్రం అక్కడ కూర్చుని ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వీధిలో వాళ్ళతో మాట్లాడటం ఆమెకు అలవాటు. గ్రిల్లుకు పువ్వులు, తీగలు వద్దు, పాతవే అడ్డ కమ్మీలు కావాలట.


వడ్లాయన_కొడుకు
జనవరి 12, రాత్రి 10:50

పాత చౌకట్టు పీకేటప్పుడు ఆ కమ్మీలు కోయకుండా తీయమను అన్నా. నిలువు పట్టెలను చీలిస్తే సాంతంగా వస్తాయి. ఇనుప పట్టీకి వెల్డింగ్ చేయించి గోడకు బిగిస్తే అవ్వ కమ్మీలు అవ్వకే.


పెన్నా_ఫ్యాబ్
జనవరి 12, రాత్రి 11:10

చౌకట్టు గోడలోకి హోల్డ్‌ఫాస్టులతో (గోడలో పాతే ఇనుప పట్టీలు) పట్టి ఉంటుంది, పీకితే పూత ఊడి అంచులు ఎగుడుదిగుడు అవుతాయి. కాబట్టి పాతది ఉండగా కొలిచి ఆర్డరు ఇవ్వొద్దు. పీకించి, అంచులు బేల్దారితో పూయించి, ఆరాక కొలవండి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, రెండు మూలల మధ్య ఐమూల కూడా. చిన్న కొలతలోంచి అర అంగుళం తీసేస్తే అది మీ కిటికీ. ఆ సందులో ఫోము, పైన సిలికాన్. సందు ఎందుకు, సిమెంటు పూసేస్తా అంటాడు బేల్దారి, వద్దనండి. సరుకు వచ్చే దాకా పది రోజులు బొక్క ప్లైవుడ్‌తో మూసుకోవాలి, మూడూ ఒకేసారి పీకకండి.


బురుజు_నీడ
జనవరి 21, మధ్యాహ్నం 1:05

హాలుది పీకేశాం, కమ్మీలు ఆరూ సాంతంగా వచ్చాయి. పూత ఆరింది, ఇప్పుడే కొలిచాను. వెడల్పు పైన 47 ముప్పావు, మధ్యలో 47న్నర, కింద 48 పావు. ఇది నా టేపు తప్పా, గోడ తప్పా?


పెన్నా_ఫ్యాబ్
జనవరి 21, మధ్యాహ్నం 1:20

గోడే. 47 అంగుళాలకు ఆర్డరు ఇవ్వండి. కింద సందు ఎక్కువ వస్తుంది, అక్కడ పూత ఇంకో చేయి వేయిస్తే సరిపోతుంది. 1993లో కట్టిన బేల్దారి దొరికితే పిలవండి 😄


బురుజు_నీడ
జనవరి 21, మధ్యాహ్నం 1:26

దొరికాడన్నా. ఇప్పుడు పూత వేసింది కూడా ఆయనే.